సోంపుగడ్డ కథ

భోజనానంతరం నాలుగు సోంపు గింజలు నోట వేసుకొనటం మన ఇండ్లలో చిరకాలంగా ఉన్న అలవాటు. కొన్ని ప్రాంతాలవారు దీనినే పెద్ద జీలకర్ర అంటారు. మధురిక, మిశ్రేయ అనేవి దీని సంస్కృత నామాలు. నోటికి పరిమళం, జీర్ణానికి సహాయం అని పెద్దలు దీనిని ఆదరించారు. అయితే మనం ఎరిగిన సోంపు అంతా ఆ చిన్న గింజలోనే ఇమిడి ఉన్నది. గింజ ఇంటికి వచ్చిన తరువాత మొక్క మొదలుతో మనకు పని లేదు.

ఇటలీ దేశంలోని ఆచారం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి తోటమాలి కూడా సోంపునే విత్తుతాడు, కాని గింజ కోసం కాదు. పిడికిలి కంటె పెద్దదై, తెల్లగా, గుండ్రంగా, నీటి చేవతో నిండిన మొదలు కోసం విత్తుతాడు. దానిని సన్నని ముక్కలుగా తరిగి పచ్చిగా తింటారు, ఉడికించి కూర చేస్తారు. సోంపు పరిమళమే, కాని మరింత మృదువుగా, చల్లగా ఉంటుంది. వాడుకలో దానిని గడ్డ అన్నా, అది దుంపా కాదు, వేరూ కాదు. వేరుకు ఎగువన, నేలమట్టంలో, ఆకు కాడల మొదళ్ళు ఒకదానినొకటి పొదువుకొని లావెక్కగా ఏర్పడిన భాగం. మన సౌకర్యం కోసం దానిని సోంపుగడ్డ అని పిలుచుకొందాం.

ఒకే జాతి మొక్క ఒకచోట గింజగానూ మరొకచోట కూరగానూ ఎట్లా మారినది? కూరగా మారినది తన దేశం దాటి వెళ్ళినప్పుడల్లా తోటమాలిని ఎందుకు నిరాశపరచినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరకటానికి రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానం నేడు పెరటిలో నాలుగు కూరగాయలు పండించుకొనే గృహస్థునకు కూడా ఉపయోగపడుతుంది.

సోంపు పుట్టినిల్లు మధ్యధరా సముద్ర తీరం. రాతినేలల మీద, బాటల ప్రక్కన, సముద్రపు గాలికి అది తనంత తాను మొలచి నిలువెత్తు పెరుగుతుంది. గ్రీకులు దానిని మారథాన్ అనే మాటతో పిలిచారు. క్రీస్తు పూర్వం 490లో ఏథెన్సు సైన్యం పారశీకులను ఓడించిన యుద్ధభూమికి ఆ పేరు అక్కడ విరివిగా పెరిగే సోంపును బట్టి వచ్చినదని చెబుతారు. 1896లో ఏథెన్సులో జరిగిన ఒలింపిక్ క్రీడలతో ఆ పేరు దూరపు పరుగుపందానికి వచ్చి, నేడు లోకమంతటా వినిపిస్తున్నది. ఆ పరుగు పేరు వెనుక ఒక వంటింటి మొక్క నిలిచి ఉన్నదని తలచేవారు అరుదు.

రోమను జాతివారు ఈ మొక్కను మరింత దగ్గరకు తీసుకొన్నారు. ఎండుగడ్డిని తలపించే ఒక చిన్న పేరు, ఫీనిక్యులం అని, దానికి పెట్టారు. శాస్త్రజ్ఞులు నేటికీ వాడుతున్న పేరు అదే. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దంలో కేటో అనే రాజనీతిజ్ఞుడు సేద్యం గురించి వ్రాసిన గ్రంథంలో ఆలివు కాయలను ఊరవేసేటప్పుడు సోంపును చేర్చే పద్ధతి ఉన్నది. మన గృహిణి ఊరగాయలో మెంతులు, ఆవాలు చేర్చినట్లే అక్కడి గృహిణికి సోంపు. క్రీస్తు శకం మొదటి శతాబ్దపువాడైన ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఒక చిత్రమైన నమ్మకాన్ని పేర్కొన్నాడు. కుబుసం విడిచిన పాములు మసకబారిన చూపును తిరిగి పొందటానికి సోంపు మొక్కకు కన్నులు రుద్దుకొంటాయట. ఆ కారణం చేత అది కంటి మందు అనే పేరు యూరపులో చాలా శతాబ్దాలు నిలిచినది.

రోము సామ్రాజ్యం కూలిన తరువాత కూడా సోంపు తోటలను విడువలేదు. సుమారు క్రీస్తు శకం 800 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి ఎస్టేటుల పాలన కొరకు వెలువడిన శాసనంలో, తోటలలో పెంచవలసిన మొక్కల పట్టిక ఒకటి ఉన్నది. అందులో సోంపు చేరినది. అయితే ఇంతవరకు మనం చెప్పుకొన్న సోంపు ఆకుకూ, లేతకాడకూ, గింజకూ పనికివచ్చినదే. గడ్డకట్టే సోంపు వేరొక ఘట్టం.

ఆ ఘట్టం ఇటలీ తోటలలో జరిగినది. దానికి కర్త ఏ ఒక్క పండితుడూ కాడు. తరతరాల తోటమాలులు చేసిన పని అది. వారి పద్ధతి సులభమే గాని, అపారమైన ఓర్పు కావలసినది. మడిలో నూరు మొక్కలు లేచినప్పుడు అన్నిటి మొదళ్ళూ ఒకే తీరుగా ఉండవు. కొన్నిటివి సన్నగా, కొన్నిటివి ఒకింత లావుగా ఉంటాయి. లావైనవాటిని కోసి తినక విత్తనానికి నిలుపుకోవాలి. మరుసటి సంవత్సరం వాటి సంతానంలో మరింత లావైనవాటిని నిలుపుకోవాలి. బాగున్నదానిని తినకుండా విడిచిపెట్టగలిగిన నిగ్రహం మీదనే ఈ కూర ఆధారపడి ఉన్నది. పైగా సోంపు పూలను పురుగులు ఒకదాని నుండి మరొకదానికి సంపర్కం చేస్తాయి. బాట ప్రక్కన అడవి సోంపు పూచినప్పుడు తోటలోని మేలురకం విత్తనం చెడిపోయే ప్రమాదం ఉన్నది. కాబట్టి ఏరివేత ఒక తరంతో ముగిసే పని కాదు.

మన దేశంలోనూ ఏరివేత జరిగినది, కాని వేరొక దిక్కుగా. గుజరాతు, రాజస్థాను ప్రాంతాల రైతులు గొడుగుల వంటి పూగుత్తులు నిండుగా కట్టే మొక్కలను, పచ్చగా తియ్యగా ఉండే గింజలను ఎన్నుకొంటూ వచ్చారు. ఇటలీ రైతుకు పూకాడ లేచినదంటే పంట పోయినదని అర్థం. గుజరాతు రైతుకు పూకాడ లేచినప్పుడే పంట మొదలు. మొక్క ఒకటే, ఎన్నికలో ఉన్నది భేదం. అందుచేతనే మన వంటింటి డబ్బాలోని సోంపు చల్లితే కమ్మని ఆకు వస్తుంది, పూవు వస్తుంది, గింజ వస్తుంది, కాని గడ్డ రాదు. అది నేల దోషమూ కాదు, విత్తినవారి చేతి దోషమూ కాదు.

ఇటలీలో ఈ కూర ఎంతగా జనజీవనంలో కలిసిపోయినదో ఆ దేశపు భాషే సాక్ష్యం చెబుతుంది. అక్కడ సోంపును ఫినోక్కియో అంటారు. ఆ మాట నుండి పుట్టిన ఇన్ఫినోక్కియారే అనే క్రియకు మోసగించుట అని అర్థం. ద్రాక్షసారాయం అమ్మేవారు నాసిరకం సరుకు రుచి చూపేముందు కొనేవానికి ఒక సోంపు ముక్క అందించేవారట. దాని పరిమళం నాలుక మీద ఉండగా ఎంత చెడ్డ సారాయమైనా బాగున్నట్లే తోస్తుంది. ఆ మాటకు ప్రజలు చెప్పుకొనే వ్యుత్పత్తి ఇది.

ఇట్టి వర్తకుల గురించి వ్రాసినవారిలో జాకొమో కాస్టెల్వెట్రో ఒకరు. మొడేనా నగరవాసి. మత విషయంలో స్వతంత్రమైన అభిప్రాయాలు గలవాడు కావటం చేత వెనిసులో మతవిచారణ సభవారి చేత చిక్కాడు. 1611లో ఆంగ్ల రాయబారి చొరవతో బయటపడి ఇంగ్లండు చేరాడు. వార్ధక్యంలో, పరదేశంలో ఉండి, 1614లో తన మాతృదేశపు కూరలు, ఆకులు, పండ్లను గురించి ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. మాంసాహారం మీద ఎక్కువ మక్కువ గల ఆంగ్లేయులకు శాకాహారపు రుచి చూపాలని అతని తపన. పరాయి నేల మీద కూర్చొని ఋతువు వెంట ఋతువుగా ఇంటి కూరలను తలచుకొన్న ఆ ముదుసలి వ్రాతలో సోంపుకు కూడా స్థానం దొరికినది.

ఆ శతాబ్దం చివరకు ఇంగ్లండులోని తోటల ప్రియుల దృష్టి ఇటు మళ్ళినది. 1699లో జాన్ ఈవ్లిన్ పచ్చికూరలను గురించి అసిటారియా అనే పుస్తకం ప్రకటించాడు. ఇటలీవారు సోంపు కాడలను వెలుతురు తగులకుండా కప్పి తెల్లబరచి, చలికాలం పొడుగునా తింటారని అందులో తెలిపాడు. చలికాలం పొడుగునా అన్న ఆ మాటను చదువరులు మనస్సులో ఉంచుకోవాలి. తరువాతి కథ అంతా దానిమీదనే నడుస్తుంది. 1720ల చివర లండనులో స్టీఫెన్ స్విట్జర్ అనే విత్తనాల వర్తకుడు బ్రోకలీ మొదలైన విదేశీ కూరలను పెంచే పద్ధతుల గురించి ఒక చిరుపుస్తకం అచ్చువేయించాడు. అందులో ఫినోక్కియో కూడా ఉన్నది. చెల్సీలోని ఔషధ వనానికి దాదాపు ఏబది ఏండ్లు అధిపతిగా ఉన్న ఫిలిప్ మిల్లర్, 1768లో వెలువడిన తన ఉద్యాన నిఘంటువు ఎనిమిదవ ముద్రణలో దీనికి ప్రత్యేకంగా ఒక శాస్త్రనామం పెట్టాడు. ఆ పేరులో అజోరు ద్వీపాల ప్రసక్తి ఉన్నది. నేటి శాస్త్రజ్ఞులు మాత్రం దానిని వేరొక జాతిగా గాక సాధారణమైన సోంపులోనే ఒక రకంగా పరిగణిస్తున్నారు.

పుస్తకాలు వచ్చాయి, విత్తనాలు వచ్చాయి, మట్టి ఎగదోసే పద్ధతి కూడా వచ్చినది. అయినా సోంపుగడ్డ ఇంగ్లండులో ఇంటింటి కూర కాలేదు. తక్కిన కూరల వలె వసంతంలో విత్తినవారి మడులలో మొక్కలు ఏపుగా లేచేవి. గడ్డ కట్టే సమయం వచ్చినదని ఎదురుచూస్తుండగానే నడిమి నుండి కాడ నిటారుగా లేచి పూత పట్టేది. ఆపైన మొదలు పీచు కట్టి పనికిరాకుండా పోయేది. మన పెరటిలో వేసవి ముదిరినప్పుడు కొత్తిమీర ఆకు వేయటం మాని పూతకు రావటం మనం ఎరిగినదే. సోంపు కూడా కొత్తిమీర, జీలకర్ర, వాము కుటుంబానికి చెందినదే.

సముద్రం దాటినా ఈ విత్తనం మీద మోజు తగ్గలేదు. అమెరికా అధ్యక్ష పదవి విరమించిన థామస్ జెఫర్సన్ వర్జీనియాలో మాంటిచెల్లో కొండ మీద వేయి అడుగుల పొడవున కూరగాయల తోట వేయించాడు. అందులో 300కు పైగా కూరగాయల రకాలను పరీక్షించి చూచాడు. చేతిక్రింద ఎందరో బానిసలు పనిచేస్తుండగా సాగిన తోట అది. ఈ మాట కూడా చరిత్రలో చెప్పవలసినదే. ఇటలీలోని లివోర్నో రేవులో అమెరికా కాన్సలుగా ఉన్న థామస్ ఆపిల్టన్ 1824లో ఆయనకు సోంపుగడ్డ విత్తనాలు పంపాడు. అప్పటికి జెఫర్సన్‌కు ఎనభై ఏండ్లు దాటినవి. 1766లో మొదలుపెట్టిన ఆయన తోట దినచర్య పుస్తకానికి ఆ 1824 చివరి సంవత్సరం. క్రొత్త విత్తనం కోసం ఎదురుచూడటానికి వయస్సు అడ్డు కాదని ఆ వృద్ధుడు నిరూపించాడు.

విత్తనం ఎక్కడికి వెళ్ళినా చిక్కు మాత్రం వెంటనే ఉన్నది. కొందరు చలిని, కొందరు వేడిని, కొందరు విత్తనాల వర్తకుని నిందించారు. నిజమైన కారణం కనిపెట్టినవారు సోంపును గాక పొగాకును పరీక్షిస్తున్న ఇద్దరు శాస్త్రజ్ఞులు.

వారు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనేవారు. వాషింగ్టను నగరం సమీపాన ఆర్లింగ్టను క్షేత్రంలో మేరీలాండ్ మముత్ అనే ఒక పొగాకు రకం వారికి సమస్య అయినది. ఎండకాలంలో అది ఎంత ఎత్తు పెరిగినా పూచేది కాదు. చలికాలంలో గాజుటింటిలో పెట్టినప్పుడు చిన్న మొక్కగా ఉండగానే పూచేది. వేడిమిని, తేమను, ఎరువును మార్చి చూచినా ప్రయోజనం లేకపోయినది. చివరకు 1918లో, నడి ఎండకాలంలో, ప్రతి సాయంకాలం కొంత ముందుగానే మొక్కలను చీకటి కొట్టంలోకి చేర్చి, మరునాడు ఎండ ఎక్కిన తరువాత బయట పెట్టసాగారు. పగలు ఈ విధంగా కురచ కాగానే పొగాకు పూచినది. బయట ఉన్నది పూయలేదు. 1920లో వారు ఆ ఫలితాన్ని ప్రకటించారు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూతకు సిద్ధపడతాయన్నది దాని సారాంశం. నిజానికి మొక్క కొలిచేది చీకటి నిడివినే అని 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. కొన్ని మొక్కలు పగళ్ళు కురచ అయినప్పుడు పూస్తాయి, కొన్ని పగళ్ళు పొడుగైనప్పుడు పూస్తాయి.

సోంపుగడ్డ ఆ రెండవ తెగకు చెందినది. లండనులో జూను నెల నాటికి పగలు పదహారున్నర గంటలు దాటుతుంది. మాంటిచెల్లోలో దాదాపు 15 గంటలు. వసంతంలో విత్తిన మొక్క సరిగా ఆ పొడుగు పగళ్ళకు ఎదురుగా పోయి నిలుచుంటున్నది. గింజ కట్టే కాలం వచ్చినదని మొక్క గ్రహించినది, తన ధర్మం తాను నెరవేర్చినది. ఫ్లారెన్సు నగరంలోనూ జూనులో పగలు 15 గంటలకు పైబడే ఉంటుంది. కాని ఇటలీ తోటమాలి ప్రధానమైన పంటను ఎండకాలం నడిమిలోనో, చివరనో విత్తి, పగళ్ళు తరిగిపోతుండగా పెంచి, శరదృతువు మొదలుకొని చలికాలమంతా కోసుకొంటాడు. చలికాలం పొడుగునా తింటారని ఈవ్లిన్ వ్రాసిన ఆ ఒక్క మాటలోనే రహస్యం ఉన్నది. విత్తనం ప్రయాణం చేసినది, పుస్తకం ప్రయాణం చేసినది, పంచాంగం మాత్రం ఇటలీలోనే నిలిచిపోయినది. ఇటలీ తోటమాలికి కారణం తెలియదు, కాని కాలం తెలుసు. ఆంగ్ల పండితునకు మొక్క పేరు, లక్షణం అన్నీ తెలుసు, కాలం మాత్రం తెలియదు.

నేడు ఇంగ్లండులో జూను నడిమి తరువాత విత్తి శరత్తులో కోసుకొనే పద్ధతి వాడుకలోకి వచ్చినది. త్వరగా పూకాడ వేయని జెఫా ఫినో వంటి రకాలు స్విట్జర్లండులో రూపొందాయి. వీటితో ముందుగా విత్తినా కొంతవరకు రక్షణ ఉన్నది. అయినా ఈ పంటకు ప్రసిద్ధి నేటికీ ఇటలీదే. అపూలియా, కంపానియా, కలాబ్రియా సీమలలో ఇది విస్తారంగా పండుతున్నది. అడవి సోంపు మాత్రం కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలలో బాటల ప్రక్కన కలుపుగా వ్యాపించి అక్కడివారికి తలనొప్పి అయినది. మొక్క మొండిదే. గడ్డ మాత్రమే సుకుమారం.

మన తెలుగుదేశపు పెరటిలో దీనిని పెంచాలనే కుతూహలం గలవారికి ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గ్రహింపునకు వస్తాయి. మొదటిది విత్తనం. అంగడిలో వంటకు కొన్న సోంపు గాక, గడ్డకట్టే రకమని చెప్పి అమ్మే విత్తనమే కావాలి. రెండవది కాలం. హైదరాబాదులో సంవత్సరమంతటిలో అతి పొడుగైన పగలు కూడా 13 గంటల 10 నిమిషాల ప్రాంతమే. కనుక ఇంగ్లండువారిని బాధించినంతగా పగటి నిడివి మనలను బాధించదు. మన శత్రువు ఎండ వేడిమి, దానితో వచ్చే నీటి ఎద్దడి. మొక్క దాహానికి గురి అయినా పూకాడ వేస్తుంది. అందుచేత వర్షాలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలలలో విత్తి, ఎండలు ముదరక మునుపే కోసుకోవాలి. విత్తిన నాటి నుండి సుమారు 80 నుండి 100 రోజులు పడుతుంది. అరకు వంటి చల్లని మన్యపు ప్రదేశాలలో వ్యవధి మరికొంత దొరుకుతుంది.

మూడవది పోషణ. దీని తల్లివేరు లోతుగా దిగుతుంది, కదిలిస్తే సహించదు. కాబట్టి నారు పోసి నాటటం కంటె, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన గుల్లమట్టిలో అర అంగుళం లోతున నేరుగా విత్తటం మేలు. మొలకలు నాలుగు అంగుళాలు ఎదిగిన పిమ్మట అడుగు దూరానికి ఒక మొక్క చొప్పున ఉంచి తక్కినవి తీసివేయాలి. తీసివేసినవి పారవేయనక్కరలేదు, లేత ఆకు పప్పులోకి రుచిగా ఉంటుంది. తడి ఒకే తీరుగా ఉండేట్లు చూడాలి. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే గడ్డ పగులుతుంది. మొదలు కోడిగుడ్డంత అయినప్పుడు చుట్టూ మట్టి ఎగదోస్తే తెల్లగా, లేతగా తయారవుతుంది. పిడికిలి కంటె కొంచెం పెద్దది కాగానే నేలమట్టానికి పైన కోయాలి. వేరును నేలలోనే ఉంచి నీరు పోస్తే చిన్న చిన్న పిలకలు మరల వస్తాయి. అవీ వంటకు పనికివస్తాయి.

తరిగిన ముక్కల మీద నిమ్మరసం, ఉప్పు చల్లి పచ్చిగా తినవచ్చును. సిసిలీ ద్వీపంలో నారింజ తొనలతో కలుపుకొంటారు. పెసరపప్పుతో ఉడికించి పోపు పెట్టుకొన్నా మన నాలుకకు పరాయిగా తోచదు. గింజలోని పరిమళానికి కారణమైన అనిథోల్ అనే తైలపదార్థమే గడ్డలోనూ ఉన్నది.

మొక్క మాట వినలేదని తోటమాలి కోపగించుకొన్న సందర్భాలు ఈ కథలో చాలా ఉన్నాయి. గార్నర్, అలార్డ్ చేసినది మొక్కను మార్చటం కాదు, అది ఏ గడియారాన్ని చూచి నడుచుకొంటున్నదో తెలుసుకొనటం. మన పెరటిలో ఏ విత్తనం మొండికేసినా, నేలను, ఎరువును, అంగడివానిని నిందించే ముందు, అది తన స్వస్థలంలో ఏ నెలలో విత్తే పంటో ఒకసారి విచారించటం మంచిది. మిల్లర్ నిఘంటువులో దొరకని సమాధానం, కలాబ్రియాలోని ఏ చదువురాని రైతు నోటనో దొరికి ఉండేది.